అందరి విజ్ఞానం అందరికీ

పాఠ్యభాగ నేపథ్యం

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. ఒక విషయాన్ని స్వీకరించి, దాని గుణదోషాలను క్రమపద్ధతిలో, ఆధారసహితంగా వివరించే గద్యరచనను వ్యాసం అంటారు. కంప్యూటర్ రంగంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజాలు ఎలా ఏర్పడ్డాయో, వాటిని గురించి విశ్వవిద్యాలయాలలో జరిగిన పరిశోధన ఎవరికి అందాలో ఈ పాఠం చర్చిస్తుంది. విజ్ఞానం విషయంలో ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ మధ్య ఉండవలసిన ధర్మాన్ని విద్యార్థులకు తెలియజేయడం పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

అచ్చుయంత్రం రాకముందు తెలుగు కావ్యాలు తాళపత్రాల మీద జీవించాయి. ఒక ఊరిలోని ప్రతిని మరొక ఊరి లేఖకుడు చూసి రాసుకొనేవాడు. అలా రాసుకోవడానికి అనుమతించిన గృహస్థు వల్ల కావ్యం బతికింది. పెట్టెలో పెట్టి తాళం వేసినవారి ఇంట అది చెదలకు ఆహారమైంది. పందొమ్మిదో శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, పలుచోట్ల నుంచి సేకరించిన ప్రతులను సరిపోల్చి కావ్యపాఠాలను పరిష్కరింపజేశాడు. ఒకే కావ్యానికి అనేక ప్రతులు మిగిలి ఉండటం వల్లనే ఆ పని సాధ్యమైంది. చేతులు మారినకొద్దీ ప్రతులలో తప్పులు దొర్లిన మాట నిజమే. అయితే ఆ తప్పులను పట్టుకొనే అవకాశం కూడా ప్రతులు పెక్కు ఉండటం వల్లనే కలిగింది.

విద్యాధనం పంచినకొద్దీ పెరుగుతుందన్నది పెద్దల మాట. ఇరవయ్యో శతాబ్ది చివర కంప్యూటర్ రంగంలో ఈ మాటకు గట్టి పరీక్ష ఎదురైంది. ఆ పరీక్షలో నెగ్గిన సమాజాలను గురించి పండితులు విస్తారంగా పరిశోధించారు. ఆ పరిశోధన ఫలితాలకు తాళం వేయవచ్చునా అన్నది తరువాత తలెత్తిన ప్రశ్న.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆవిర్భావం

కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశాల సముదాయమే సాఫ్ట్‌వేర్. ప్రోగ్రామర్ దానిని మనిషి చదివి అర్థం చేసుకోగల భాషలో రాస్తాడు. ఆ రాతకు సోర్స్ కోడ్ అని పేరు. దానినే మూలసంకేతం అనవచ్చు. యంత్రం అర్థం చేసుకోవడానికి అది అంకెల రూపంలోకి మారుతుంది. అంకెల రూపం మాత్రమే చేతికి వచ్చినవాడు ప్రోగ్రామును వాడుకోగలడు. అది ఎలా పనిచేస్తున్నదో తెలుసుకోవడం, దానిలోని లోపాన్ని సవరించడం అతనికి దుస్సాధ్యం.

1980 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ పనిచేస్తుండేవాడు. ఆ సంస్థను సంక్షిప్తంగా ఎంఐటీ అంటారు. అక్కడి ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ నుంచి ఒక కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. అందులో కాగితం తరచుగా ఇరుక్కుపోయేది. అంతకుముందున్న ప్రింటర్‌కు అటువంటి ఇబ్బంది వచ్చినప్పుడు స్టాల్‌మన్ దాని మూలసంకేతంలో చిన్న మార్పు చేసి, ఆ సంగతి అందరికీ వెంటనే తెలిసే ఏర్పాటు చేశాడు. కొత్త ప్రింటర్‌కు మూలసంకేతం రాలేదు. అది తన వద్ద ఉన్న మరొక విశ్వవిద్యాలయ పరిశోధకుడిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంస్థకు మాట ఇచ్చానని అతడు నిరాకరించాడు. ఒకరికొకరు సహాయపడటం సహజధర్మంగా ఉన్న చోట సహాయం నిషిద్ధమైందని స్టాల్‌మన్ గ్రహించాడు.

1983 సెప్టెంబరులో ఆయన గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించాడు. ఏ ప్రయోజనానికైనా ప్రోగ్రామును వాడుకోవడం, దానిని అధ్యయనం చేసి మార్చుకోవడం, ఇతరులకు ప్రతులు ఇవ్వడం, మార్చిన ప్రతులను కూడా పంచడం అనే నాలుగు స్వేచ్ఛలు ఈ ఉద్యమానికి పునాదులు. 1989లో వెలువడిన జీపీఎల్ అనే లైసెన్సు ఈ స్వేచ్ఛలకు చట్టబద్ధమైన రక్షణ కల్పించింది. ఆ లైసెన్సు కింద ఒక ప్రోగ్రామును స్వీకరించి, మార్చి, ఇతరులకు పంచేవారు తాము పొందిన స్వేచ్ఛలనే వారికీ ఇవ్వాలి. తీసుకొన్నవాడు తిరిగి ఇవ్వాలనే నియమం అందులోని ప్రాణం.

1991 ఆగస్టులో ఫిన్లాండ్ దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న ఒక నిర్వహణ వ్యవస్థను గురించి ప్రకటించాడు. అదే లైనక్స్. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. 1992లో అది జీపీఎల్ పరిధిలోకి వచ్చింది. తరువాత వేలాది ప్రోగ్రామర్లు దానిని పెంచి పోషించారు. 1993లో డెబియన్, 1995లో అపాచీ వంటి ప్రణాళికలు ఆరంభమయ్యాయి. 2017 నవంబరు నాటికి ప్రపంచంలోని అత్యంత శక్తిమంతమైన 500 సూపర్ కంప్యూటర్లన్నీ లైనక్స్ మీదనే నడిచాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకు మూలాధారం కూడా లైనక్సే.

పరిశోధకుల దృష్టి

ఒకరినొకరు చూడని వ్యక్తులు, వేర్వేరు దేశాలలో ఉంటూ, చాలామంది జీతం కూడా ఆశించకుండా ఇంతటి నిర్మాణాన్ని ఎలా చేయగలిగారు? ఈ ప్రశ్న ఆర్థికశాస్త్రవేత్తలను, సమాజశాస్త్రవేత్తలను, న్యాయశాస్త్ర పండితులను ఆకర్షించింది. జోష్ లెర్నర్, జాన్ తిరోల్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన పత్రంలో, స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లకు కలిగే లాభమేమిటని విచారించారు. తోటివారిలో పేరు, ముందుముందు దొరికే మంచి ఉద్యోగం కూడా వారిని ప్రేరేపిస్తాయని ప్రతిపాదించారు.

కరీం లఖానీ, రాబర్ట్ వుల్ఫ్ అనే పరిశోధకులు 287 ప్రణాళికలలో పనిచేస్తున్న 684 మంది ప్రోగ్రామర్లను ప్రశ్నించారు. పనిలో కలిగే ఆనందం, సృజన వల్ల లభించే తృప్తి అన్నింటికంటె బలమైన ప్రేరణలని వారి అధ్యయనంలో తేలింది. అపాచీ సర్వర్ నిర్మాణాన్ని పరిశీలించిన మరొక అధ్యయనంలో సుమారు 400 మంది కోడ్ అందించినా, మార్పులలో 83 శాతానికి పైగా 15 మందే చేశారని తెలిసింది. అందరిదీ అని చెప్పుకొనే పనిలో కూడా అధికభారం కొద్దిమంది భుజాల మీద ఉన్నదన్నమాట.

భారతీయ పరిశోధకుడు రిషబ్ అయ్యర్ ఘోష్ ఆధ్వర్యంలో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం కేంద్రంగా 2002లో జరిగిన సర్వేలో 2,784 మంది పాల్గొన్నారు. వారిలో స్త్రీలు ఒక శాతానికి కాస్త ఎక్కువగా మాత్రమే ఉన్నారు. ఈ నివేదికను ఎవరైనా చదువుకొనేటట్లు బహిరంగంగా ఉంచారు. స్వేచ్ఛను గురించి మాట్లాడే సమాజం తన వాకిట ఎవరు లేరో అందులో చూసుకోగలిగింది. స్త్రీల భాగస్వామ్యాన్ని పెంచే ఉద్దేశంతో 2004లో డెబియన్ విమెన్ అనే బృందం ఏర్పడింది. సమాజాన్ని గురించిన పరిశోధన ఆ సమాజానికి అద్దం వంటిది. అద్దం ఎవరి ముఖాన్ని చూపుతున్నదో వారికి అది అందకపోతే ప్రయోజనం సగమే సిద్ధిస్తుంది.

చందా అనే గోడ

పరిశోధకుడు తన పత్రాన్ని పరిశోధన పత్రికకు పంపుతాడు. అదే రంగానికి చెందిన ఇతర పండితులు దానిని పరీక్షిస్తారు. సాధారణంగా పత్రం రాసినవారికి గాని, పరీక్షించినవారికి గాని పత్రిక పారితోషికం ఇవ్వదు. వారి జీతాలను, పరిశోధన వ్యయాన్ని చాలావరకు విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు భరిస్తాయి. ప్రచురించిన తరువాత మాత్రం ఆ పత్రాన్ని చదవడానికి అవే విశ్వవిద్యాలయాలు చందా చెల్లించవలసి వస్తుంది. 2012 ఏప్రిల్‌లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యాపక సలహామండలి, పెద్ద ప్రచురణ సంస్థల పత్రికలకు ఏటా సుమారు 37 లక్షల 50 వేల డాలర్లు వెచ్చించవలసి వస్తున్నదని, ఈ పరిస్థితి ఎంతోకాలం సాగదని ప్రకటించింది. అంతటి సంపన్న విద్యాసంస్థకే ఆ భారం దుర్వహమైతే చిన్న కళాశాలల మాట చెప్పనక్కరలేదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ గోడ మరింత అసమంజసంగా కనిపిస్తుంది. ఈ సమాజాలు తమ కోడ్‌ను, తమ చర్చలను, లోపాల పట్టికలను, నిర్ణయాలను బహిరంగంగా ఉంచుతాయి. పరిశోధకుడు అనుమతి కోసం ఏ తలుపూ తట్టనక్కరలేదు. ఆ సామగ్రిని ఉచితంగా పొంది, అక్కడి సభ్యుల సమయాన్ని ప్రశ్నావళులకు వినియోగించుకొని, చివరకు ఫలితాన్ని వారు కొనలేని పత్రికలో ప్రచురిస్తే అది ధర్మమనిపించుకోదు. విశ్వవిద్యాలయంతో సంబంధం లేని స్వచ్ఛంద ప్రోగ్రామర్‌కు గ్రంథాలయ చందా ఉండదు. తన పనిని గురించి పండితులు ఏమన్నారో తెలుసుకోవడానికి అతడు ఒక్కొక్క పత్రానికి వెల చెల్లించవలసి వస్తుంది. తెరచిన వాకిట నుంచి తీసుకొన్నది మూసిన గదికి చేరడమే ఇక్కడి వైపరీత్యం.

ఓపెన్ యాక్సెస్ ఉద్యమం

ఈ వైపరీత్యాన్ని తొలగించడానికి పుట్టినదే ఓపెన్ యాక్సెస్ ఉద్యమం. పరిశోధన పత్రాలు అంతర్జాలంలో ఎవరికైనా, ఎక్కడనుంచైనా, వెల లేకుండా అందాలన్నది దాని సారాంశం. లైనక్స్ ప్రకటితమైన 1991 ఆగస్టు నెలలోనే అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతికశాస్త్రవేత్త పరిశోధన పత్రాల ముందస్తు ప్రతులను అందరికీ అందించే ఏర్పాటు చేశాడు. తరువాత అది ఆర్‌కైవ్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. 2001 డిసెంబరులో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో సమావేశమైన విద్వాంసులు 2002 ఫిబ్రవరి 14న ఒక ప్రకటన వెలువరించారు. ఓపెన్ యాక్సెస్ అనే పేరు స్థిరపడటానికి ఆ ప్రకటనే ప్రధాన కారణం. 2003లో బెథెస్డా, బెర్లిన్ ప్రకటనలు దానికి బలం చేకూర్చాయి.

పత్రాలను అందరికీ అందించే మార్గాలు ప్రధానంగా మూడు. పత్రికలో ప్రచురించిన పత్రం ప్రతిని రచయిత తన విశ్వవిద్యాలయ డిజిటల్ భాండాగారంలో ఉంచడం హరిత మార్గం. పత్రికే పత్రాన్ని ఉచితంగా అందించడం స్వర్ణ మార్గం. చదివేవారి నుంచీ రాసేవారి నుంచీ రుసుము తీసుకోకుండా విద్యాసంస్థలే పత్రికను పోషించడం వజ్ర మార్గం.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను అధ్యయనం చేసిన పండితులలో పలువురు ఈ ధర్మాన్ని ముందుగానే గుర్తించారు. 1996 మే నుంచి వెలువడుతున్న ఫస్ట్ మండే అనే పత్రిక మొదటి నుంచీ ఉచితంగానే లభిస్తున్నది. ఎరిక్ రేమండ్ రాసిన ‘ద కెథెడ్రల్ అండ్ ద బజార్’ అనే ప్రసిద్ధ వ్యాసం 1998లో అందులో ప్రచురితమైంది. 21వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఎంఐటీ పరిశోధకులు ఈ రంగానికి చెందిన పత్రాలను ఒకచోట చేర్చి అందరికీ అందుబాటులో ఉంచారు. యోకై బెంక్లర్ ‘ద వెల్త్ ఆఫ్ నెట్‌వర్క్స్’ను 2006లో, క్రిస్టఫర్ కెల్టీ ‘టూ బిట్స్’ను 2008లో ప్రచురించారు. డెబియన్ సమాజంతో కలిసి మెలిసి, వారి జీవనవిధానాన్ని పరిశీలించిన గాబ్రియెల్లా కోల్‌మన్ గ్రంథం ‘కోడింగ్ ఫ్రీడమ్’ 2013 ముద్రణగా వచ్చింది. ఈ మూడు గ్రంథాలనూ విశ్వవిద్యాలయ ముద్రణాలయాలే అచ్చువేసి అమ్మాయి. అదే సమయంలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల కింద అంతర్జాలంలో ఉచితంగా చదువుకొనే వీలూ కల్పించాయి. కెల్టీ తన పరిశోధన కోసం బెంగుళూరులో కూడా క్షేత్రపర్యటన చేయడం గమనించదగిన విషయం.

పరస్పరాశ్రయం

ఈ రెండు ఉద్యమాల బంధం ఆలోచనలకే పరిమితం కాలేదు. విశ్వవిద్యాలయ భాండాగారాన్ని నడపడానికి సాఫ్ట్‌వేర్ అవసరం. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం 2000లో ఈప్రింట్స్‌ను, ఎంఐటీ హెచ్.పి. సంస్థతో కలిసి 2002లో డీస్పేస్‌ను అందించాయి. పత్రికలను నిర్వహించడానికి ఉపకరించే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్‌ను కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ విలిన్‌స్కీ ప్రారంభించిన బృందం రూపొందించింది. ఈ మూడూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. వీటివల్ల తక్కువ వ్యయంతో సొంత భాండాగారాన్ని గాని, పత్రికను గాని నడపడం చిన్న విద్యాసంస్థలకు కూడా సాధ్యమైంది. పండితుల రచనలు లోకానికి అందడానికి ప్రోగ్రామర్లు చేసిన మహోపకారం ఇది. ఆ ప్రోగ్రామర్లను గురించి రాసిన పత్రాలను వారికి అందించడం దానికి తగిన ప్రత్యుపకారం.

చదివే హక్కు – ప్రశ్నించే హక్కు

పరిశోధన బహిరంగంగా ఉంటే దానిని విమర్శించే అవకాశం కూడా కలుగుతుంది. 2021లో జరిగిన ఒక సంఘటన ఇందుకు నిదర్శనం. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు లైనక్స్ నిర్వాహకుల జాగరూకతను పరీక్షించదలచి, లోపాలు దాగి ఉన్న కొన్ని సవరణలను మంచి సవరణల వలె పంపారు. తమపై ప్రయోగం జరుగుతున్నదని నిర్వాహకులకు ముందుగా తెలియదు. ఆ ప్రయోగాన్ని వివరించే పత్రాన్ని ఒక ప్రముఖ భద్రతా సదస్సు ఆమోదించింది. దాని ముందస్తు ప్రతి అంతర్జాలంలో ఉండటం వల్ల లైనక్స్ నిర్వాహకులు దానిని స్వయంగా చదవగలిగారు.

ఏప్రిల్‌లో అదే విశ్వవిద్యాలయం నుంచి మరికొన్ని సందేహాస్పదమైన సవరణలు రావడంతో వివాదం ముదిరింది. ముఖ్య నిర్వాహకులలో ఒకరైన గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే సవరణలను నిషేధించాడు. స్వచ్ఛందంగా వెచ్చిస్తున్న తమ సమయాన్ని, తమ నమ్మకాన్ని అనుమతి లేకుండా ప్రయోగవస్తువులుగా మార్చారన్నది సమాజం ఆవేదన. పరిశోధకులు క్షమాపణ చెప్పి, పత్రాన్ని ఉపసంహరించుకొన్నారు. లైనక్స్ ఫౌండేషన్‌కు చెందిన సాంకేతిక సలహామండలి ఆ విశ్వవిద్యాలయం నుంచి గతంలో వచ్చిన 435 సవరణలను మళ్లీ పరిశీలింపజేసి, వాటిలో అత్యధికం సరైనవేనని మే నెలలో నివేదించింది.

ఈ ఉదంతం రెండు సత్యాలను తెలియజేస్తుంది. కోడ్ బహిరంగంగా ఉన్నంత మాత్రాన దాని వెనుక ఉన్న మనుషులు ప్రయోగవస్తువులు కారు. వారిపై జరిగిన పరిశోధన వారికి అందినప్పుడే దానిలోని అన్యాయాన్ని వారు ఎత్తిచూపగలరు. తాళపత్ర ప్రతులు పెక్కు ఉన్నప్పుడు పాఠదోషం బయటపడినట్లే, చదివే కళ్లు పెక్కు ఉన్నప్పుడు పరిశోధన దోషం బయటపడుతుంది.

భారతదేశంలో

భారతదేశం ఈ మార్గంలో తొలిదశలోనే అడుగుపెట్టింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2002లో ఈప్రింట్స్ సహాయంతో తన పరిశోధన పత్రాల భాండాగారాన్ని నెలకొల్పింది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థ తన శాస్త్రవేత్తల పత్రాలను అందరికీ అందుబాటులో ఉంచాలని 2009లో నిబంధన విధించింది. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ, జీవసాంకేతిక శాఖ 2014 డిసెంబరులో ఓపెన్ యాక్సెస్ విధానాన్ని ప్రకటించాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధ్‌గంగలో భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు లక్షలకొద్దీ ఉన్నాయి. తెలుగు సాహిత్యం మీద వచ్చిన వ్యాసాలూ అందులో ఉన్నాయి. ఆ శోధ్‌గంగకు ఆధారం డీస్పేస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం దాని లక్ష్యం. ఇది విద్యార్థులకు ఎంతో మేలు చేసే పథకం. అయినా చందా సంస్థలకే వర్తిస్తుంది. ఏ సంస్థలోనూ లేని స్వచ్ఛంద కార్యకర్త ఆ గోడ బయటనే మిగిలిపోతాడు.

తెలుగునాట అటువంటి కార్యకర్తలు తక్కువేమీ కాదు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాను స్వచ్ఛంద రచయితలు పెంచారు. అది నడిచే మీడియావికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. హైదరాబాదు కేంద్రంగా 2005లో ఏర్పడిన స్వేచ్ఛ అనే సంస్థ కంప్యూటర్‌ను తెలుగులో వాడుకొనే వీలు కల్పించడానికి కృషి చేసింది. మెనూలలోని ఒక్కొక్క మాటకు తగిన తెలుగు పదం వెదికి పెట్టినవారిలో విద్యార్థులూ ఉన్నారు. వారి శ్రమను ఒక పరిశోధకుడు అధ్యయనం చేస్తే ఆ ఫలితం మొదట చేరవలసినది వారికే. దాని సారాంశాన్ని తెలుగులో కూడా అందిస్తే ఆ అందుబాటు సంపూర్ణమవుతుంది. వెల తొలగినా భాష అడ్డుగోడగా నిలిచే ప్రమాదం ఉన్నది.

వ్యయం – బాధ్యత

ఓపెన్ యాక్సెస్ మార్గంలో సమస్యలు లేకపోలేదు. పత్రాన్ని పరీక్షింపజేయడానికి, తీర్చిదిద్దడానికి, చిరకాలం భద్రపరచడానికి వ్యయం తప్పదు. చందా పోయిన చోట పలు పత్రికలు రచయితల నుంచి రుసుము వసూలు చేయసాగాయి. ప్రసిద్ధ విజ్ఞానశాస్త్ర పత్రిక నేచర్ 2021 నుంచి స్వర్ణ మార్గంలో ఒక పత్రాన్ని ప్రచురించడానికి 9,500 యూరోల రుసుము నిర్ణయించింది. చదివేవానికి తలుపు తెరచి, రాసేవానికి మూసినట్లయింది. రుసుము కోసం మాత్రమే నడిచే నాసిరకం పత్రికలు కూడా పుట్టుకొచ్చాయి. అందువల్ల హరిత, వజ్ర మార్గాల ప్రాముఖ్యం పెరిగింది.

గోప్యత మరొక బాధ్యత. ఒక ప్రోగ్రామర్ తోటివారితో చేసిన వాదోపవాదాలు బహిరంగంగా ఉన్నా, వాటిని పేరుతో సహా ఉదాహరించి అతని స్వభావాన్ని విశ్లేషించడం అతనికి హాని చేయవచ్చు. పరిశోధన ఫలితాలను తెరచి ఉంచాలనే నియమం వ్యక్తుల ఆంతరంగిక విషయాలకు వర్తించదు. వేటిని వెల్లడించాలో, వేటిని దాచాలో తెలిసిన వివేకమే పరిశోధకుని శీలానికి గీటురాయి.

ముగింపు

జీపీఎల్ అనే లైసెన్సు చట్టరూపంలో చెప్పిన మాట సరళమైనది. ఉమ్మడి సంపద నుంచి తీసుకొన్నవాడు దానిని మెరుగుపరచి పంచదలచినప్పుడు ఉమ్మడి సంపదలోనికే చేర్చాలి. ఈ నియమం పరిశోధకులను చట్టరీత్యా కట్టడి చేయదు. అందువల్లనే వారు దానిని నైతిక ధర్మంగా స్వీకరించవలసి ఉన్నది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజం తన కోడ్‌ను పంచి ప్రపంచానికి ఒక సాధనాన్ని ఇచ్చింది. తన రాతకోతలను పంచి పండితలోకానికి పరిశోధన సామగ్రిని ఇచ్చింది. ఆ సామగ్రితో రూపొందిన విజ్ఞానం హెల్సింకిలోని ఆచార్యునికీ, హైదరాబాదులో మెనూను తెలుగు చేస్తున్న విద్యార్థికీ సమానంగా అందిన నాడు ఇచ్చిపుచ్చుకోవడం పూర్తవుతుంది. నేటి విద్యార్థులే రేపటి పరిశోధకులు. తమ తొలి పరిశోధన పత్రాన్ని ప్రచురించే రోజున, దానికి సామగ్రి ఇచ్చినవారు దానిని చదవగలరా అని ఒక్కసారి ప్రశ్నించుకోవడం వారి కర్తవ్యం.

కఠిన పదాలు – అర్థాలు

లేఖకుడు = రాసేవాడు, ప్రతిని తయారుచేసేవాడు
దుస్సాధ్యం = సాధించడానికి కష్టమైనది
పారితోషికం = చేసిన పనికి ఇచ్చే సొమ్ము
దుర్వహం = మోయడానికి వీలుకానిది
వైపరీత్యం = విరుద్ధమైన స్థితి
భాండాగారం = విలువైనవాటిని భద్రపరచే చోటు
జాగరూకత = మెలకువ, హెచ్చరికతో ఉండటం
ఉదంతం = జరిగిన సంగతి
గోప్యత = రహస్యంగా ఉంచడం
గీటురాయి = బంగారం నాణ్యతను పరీక్షించే రాయి; ప్రమాణం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఆవిర్భవించిన తీరును, దాని మూలసూత్రాలను వివరించండి.
2. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజాలపై జరిగిన పరిశోధన అందరికీ అందుబాటులో ఎందుకు ఉండాలో పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ప్రింటర్ సంఘటన వల్ల స్టాల్‌మన్ గ్రహించిన విషయమేమిటి?
2. హరిత, స్వర్ణ, వజ్ర మార్గాల భేదాలను తెలపండి.
3. 2021లో లైనక్స్ సమాజానికి ఎదురైన సంఘటన ఏ సత్యాలను తెలియజేస్తుంది?
4. ఓపెన్ యాక్సెస్ మార్గంలోని సమస్యలేవి?

III. ఏకపద / ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జీపీఎల్ లైసెన్సు ఏ సంవత్సరంలో వెలువడింది?
2. శోధ్‌గంగకు ఆధారమైన సాఫ్ట్‌వేర్ ఏది?
3. బుడాపెస్ట్ ప్రకటన ఎప్పుడు వెలువడింది?
4. లఖానీ, వుల్ఫ్ ఎంతమంది ప్రోగ్రామర్లను ప్రశ్నించారు?

IV. సంధులు
1. పరస్పరాశ్రయం = పరస్పర + ఆశ్రయం – సవర్ణదీర్ఘ సంధి
2. మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
3. ప్రత్యుపకారం = ప్రతి + ఉపకారం – యణాదేశ సంధి

V. సమాసాలు
1. విద్యాధనం – విద్య అనెడి ధనం – రూపక సమాసం
2. గుణదోషాలు – గుణమును, దోషమును – ద్వంద్వ సమాసం
3. నాలుగు స్వేచ్ఛలు – నాలుగు సంఖ్య గల స్వేచ్ఛలు – ద్విగు సమాసం